బెజవాడ వేసవిలో జబ్బుపడ్డ యాక్సలాటల్ పిల్లకు చిల్లర్: వాడి చూశాక రాసిన సమీక్ష

పటమటలోని మా ఇంట్లో రెండడుగుల తొట్టికి 1/10 హెచ్‌పీ అక్వేరియం చిల్లర్, అంటే తొట్టి నీటిని చల్లబరిచే యంత్రం, బిగించాము. ఏప్రిల్‌లో కొన్న ఈ యంత్రం వేసవంతా నడిచి, వానాకాలాన్ని కూడా చూసింది కాబట్టి, దాని మంచిచెడ్డల గురించి ఇప్పుడు నమ్మకంగా రాయగలను. సాధారణంగా చేపలు పెంచేవారికి మన ప్రాంతంలో దీని అవసరం రాదు. మేము కొన్నది మాత్రం మొప్పలకు బూజు పట్టి, తిండి మానేసిన ఒక యాక్సలాటల్ పిల్ల కోసం. యాక్సలాటల్ అంటే బతుకంతా నీటిలోనే గడిపే, తలకు ఇరువైపులా బయటికి కనిపించే మొప్పలున్న ఒక ఉభయచరం.

ఆ పిల్ల గుంటూరులోని మా బంధువుల ఇంట్లో ఏసీ గదిలో పెరిగింది. వారు ఊరు మారుతూ దాన్ని మాకు అప్పగించారు. అప్పటికి దాని పొడవు మూడు అంగుళాలకు మించదు. యాక్సలాటల్ పిల్లలు ఆ వయసులో కదిలే ప్రతిదాన్నీ తిండి అనుకుని ఒకదానినొకటి కొరుక్కుంటాయి. దీని కుడివైపు మొప్పను కూడా తోడు పిల్ల కొరికింది. తెగిన మొప్ప, కాలు, తోక తిరిగి మొలవడం ఈ జీవికి సహజమే అయినా, ఆ గాయం మీద తెల్లటి దూదిపింజల్లా బూజు పెరిగింది. మొప్పలు ముందుకు వంగిపోయాయి, తోక చివర చుట్టుకుపోయింది. ఈ రెండూ పిల్ల ఒత్తిడిలో ఉందని చెప్పే గుర్తులు.

యాక్సలాటల్ సొంత ఊరు మెక్సికో నగరం దక్షిణాన ఉన్న షోచిమిల్కో సరస్సు, దాని కాలువలు. సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైన ఉండే ఆ నీరు ఏడాది పొడవునా చల్లగా ఉంటుంది. అందువల్ల దీనికి 16 నుంచి 18 డిగ్రీల నీరు హాయి. 24 దాటితే రోగనిరోధక శక్తి తగ్గి, తిండి సహించక, బూజుకు లోకువవుతుంది. పైగా వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది, దెబ్బతిన్న మొప్పలకేమో అప్పుడే అది ఎక్కువ అవసరం. మే నెలలో మా హాల్లోని తొట్టి నీటిని మామూలుగా వదిలేస్తే 33 డిగ్రీలు చూపిస్తుంది. ఆ వేడిలో ఉంచి ఎంత మంచి మందు వేసినా అది వృథాయేనని నా గట్టి అభిప్రాయం.

చిల్లర్ కొనేముందు నగరంలోని అక్వేరియం దుకాణాలవారు ఎక్కువగా చెప్పింది ఫ్యాన్ గురించే. "అంత ఖర్చెందుకండీ, తొట్టి మీద రెండు ఫ్యాన్లు పెట్టండి, సరిపోతుంది" అన్నారు. ఫ్యాన్ పనిచేసేది కుండలో నీళ్లు చల్లబడే సూత్రం మీదే. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. వడగాలి వీచే పొడి మధ్యాహ్నం మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుందన్నది నిజమే. కానీ 33 నుంచి 29కి దిగడం ఈ పిల్లకు చాలదు. సాయంత్రం గాలిలో తేమ పెరిగితే ఆ కాస్త తగ్గుదల కూడా ఉండదు. ఐస్ సీసాలు వేస్తే నీరు గబుక్కున చల్లబడి, మళ్లీ అంతే వేగంగా వేడెక్కుతుంది. నీరసించిన పిల్లకు ఆ ఎగుడుదిగుళ్లు నిలకడైన వేడికన్నా మేలేమీ కావు. చిల్లర్ వచ్చేదాకా మేము దాన్ని ఏసీ గదిలోనే ఉంచాము.

ఇక యంత్రం పనితీరు. 60 లీటర్ల నీటిని మేము రోజుకు రెండు డిగ్రీల చొప్పున నెమ్మదిగా 18కి దించాము. ఆ తర్వాత బయట ఎండ ఎంత మండినా నీరు 17, 19 మధ్య కదలకుండా నిలబడింది. నేను పెట్టిన డబ్బుకు అసలైన ప్రతిఫలం ఆ నిలకడే. ఒక సంగతి గమనించాలి. చిల్లర్ నీటిలోంచి తీసిన వేడిని గదిలోకే వదులుతుంది. దాన్ని తొట్టి కింద మూసిన అలమరలో పెడితే తన వేడిని తానే పీల్చుకుంటూ ఆగకుండా తిరుగుతుంది. వెనుకవైపు కనీసం అడుగు ఖాళీ వదిలి, గాలి ఆడే చోట పెట్టాలి. కంప్రెసర్ ఆన్ అయినప్పుడు వచ్చే శబ్దం చిన్న ఫ్రిజ్ శబ్దమంత ఉంటుంది. పడకగదిలో మాత్రం వద్దు.

దీనికి నీరు పంపే మోటారు విడిగా కొనాలి. చిల్లర్ సరిగా పనిచేయాలంటే ప్రవాహం బలంగా ఉండాలి. యాక్సలాటల్‌కేమో ప్రవాహం పడదు, అందులో చిన్నపిల్లకు అసలే పడదు. తిరిగి వచ్చే నీటిని రంధ్రాల గొట్టంలోకి మళ్లించి, ఆ రంధ్రాలను గోడవైపు తిప్పాక గానీ పిల్ల అడుగున కుదురుగా కూర్చోలేదు. పెట్టెలో ఇచ్చిన కాగితంలో ఈ విషయం ఒక్క ముక్క కూడా లేదు. మోటారు మూతికి స్పాంజి కూడా తప్పనిసరి, లేకపోతే లోపలికి పీల్చుకునే ఆ ఉరవడికి లేత మొప్పలు చిక్కుకుంటాయి.

కొనేవారు ముందుగా తెలుసుకోవలసిన అసలు ఇబ్బంది మరొకటి ఉంది. జబ్బుపడ్డ పిల్లను ప్రధాన తొట్టిలో ఉంచి వైద్యం చేయరు. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో విడిగా ఉంచి, రోజూ నీరు పూర్తిగా మారుస్తారు. అంత చిన్న డబ్బాకు చిల్లర్ తగిలించడం కుదరదు. మేము ఆ డబ్బాను చల్లబడిన తొట్టి నీటి మీదే తేలేలా పెట్టి, పక్కలకు రెండు క్లిప్పులతో బిగించాము. లోపలి నీరు బయటి నీటి చల్లదనాన్నే పట్టుకుంది. మార్చాల్సిన నీటిని కూడా క్లోరిన్ పోయే మందు వేసి, ముందురోజు రాత్రే బాటిళ్లలో నింపి తొట్టిలో ముంచి ఉంచేవాళ్లం. ఈ ఏర్పాటు కుదిరాక చికిత్స సాఫీగా సాగింది.

చికిత్సగా చేసింది ఉప్పునీటి స్నానమే. అయోడిన్ కలపని ఉప్పును లీటరు నీటికి రెండు టీస్పూన్ల చొప్పున కరిగించి, అదే చల్లదనంలో పిల్లను పది నిమిషాలు ఉంచాలి. రోజుకు రెండుసార్లు మించకూడదు, సమయం పొడిగించకూడదు. ఉప్పు ఎక్కువైతే మొప్పల అంచులు కాలతాయి. బజారులో దొరికే రాళ్ల ఉప్పులోనూ అయోడిన్ కలిపినవి ఉన్నాయి, ప్యాకెట్టు మీద చదివి తీసుకోవాలి. చేపల కోసం అమ్మే మలకైట్ గ్రీన్, రాగి కలిసిన మందులు మాత్రం దగ్గరకు రానీయవద్దు. ఉభయచరాల చర్మం నీటిలో ఉన్నదాన్ని నేరుగా లోపలికి పీల్చుకుంటుంది. చేప తట్టుకున్న మోతాదు దీని ప్రాణం తీయవచ్చు. కొద్దిరోజుల్లో బూజు ఊడిపోయింది, ఆ తర్వాత పిల్ల సన్నగా తరిగిన వానపాము ముక్కను నోటితో అందుకుంది. తెగిన మొప్ప ఇప్పుడు మిగతావాటికన్నా పొట్టిగానైనా, ఎర్రగా గుబురుగా పెరిగింది.

చిల్లర్ నీటిని చల్లబరుస్తుందే తప్ప శుభ్రపరచదు. పిల్ల విసర్జన వల్ల నీటిలో చేరే విషాలైన అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. అందుకు చుక్కల టెస్ట్ కిట్ విడిగా కొనక తప్పదు. నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 నుంచి 8కి పెరిగితే అమోనియాలో విషపూరితమైన భాగం దాదాపు పది రెట్లవుతుంది. మా బోరు నీరు 8 దగ్గర ఉంటుంది కాబట్టి, పరీక్షలో కొద్దిగా రంగు మారినా మేము నీరు మార్చేస్తాము. చల్లని నీటిలో అమోనియాను విరిచే బ్యాక్టీరియా కూడా నెమ్మదిగా పెరుగుతుంది. కొత్త తొట్టి సిద్ధమవడానికి మామూలుకన్నా ఎక్కువ వారాలు పడుతుందని గుర్తుంచుకోవాలి. పుండు లోతుగా ఉన్నా, వారం దాటి తిండి ముట్టకపోయినా ఇంటి వైద్యం ఆపి, నీటి పరీక్ష అంకెలు రాసుకుని పశువైద్యుల దగ్గరికి వెళ్లాలి. మన దగ్గర గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది.

వానాకాలంలో మరో తలనొప్పి మొదలైంది. గాలిలో తేమ నిండినప్పుడు 18 డిగ్రీల తొట్టి అద్దం బయట ధారలుగా చెమరుస్తుంది. ఆ నీరు కారి చెక్క స్టాండు ఉబ్బడం మొదలుపెట్టింది. వెనుక, పక్క అద్దాలకు అంగుళం మందం థర్మోకోల్ అంటించి, గొట్టాలకు ఏసీ పైపుల మీద తొడిగే నల్ల ఫోమ్ తొడిగాక చెమ్మ బాగా తగ్గింది. కంప్రెసర్ తిరిగే సమయం కూడా తగ్గింది. ఈ పని మొదటిరోజే చేయించుకోవడం మంచిది. ఇనుప స్టాండు ఉంటే ఇంకా మేలు.

ధర తొట్టి, ఫిల్టరు, లైటు అన్నీ కలిపిన ఖర్చుకన్నా ఎక్కువ. కరెంటు బిల్లు వేసవిలో స్పష్టంగా పెరిగింది. అయినా యాక్సలాటల్‌ను పెంచాలనుకునే బెజవాడ, గుంటూరు వాసులకు దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. 24 గంటలూ ఏసీ నడిచే గది ఉన్నవారికి మాత్రమే ఇది లేకుండా గడుస్తుంది. నూరు లీటర్లు దాటిన తొట్టికి, ఏసీ లేని గదిలో 1/10 హెచ్‌పీ చాలదు, ఒక మెట్టు పెద్దది తీసుకోవాలి. వోల్టేజీ స్టెబిలైజర్ పెట్టుకోండి. మా ఇంటి ఇన్వర్టర్ కంప్రెసర్‌ను మోయలేకపోయింది, గాలి పంపును మాత్రం నడిపింది. థర్మోకోల్ అంటించిన తొట్టిలో మధ్యాహ్నం కరెంటు రెండు గంటలు పోయినా నీరు 21 దాటలేదు. అంతకుమించి కోత ఉంటుందని తెలిసిన రోజున చల్లని నీరు నింపిన బాటిళ్లను ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉంచుకుంటున్నాము.