బాలానగర్‌లో చేయించిన స్టార్టర్ కాయిల్ బాబిన్లు: ఆరు నెలలు వాడాక

మాది నరసరావుపేట. పందొమ్మిదేళ్లుగా మోటార్లు, స్టార్టర్లు వైండింగ్ చేస్తున్నాను. ఎండాకాలం వచ్చిందంటే షాపు ముందు బోరు స్టార్టర్లు వరసగా ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం కాయిల్ కాలినవే. బాబిన్ అనే ప్లాస్టిక్ చట్రం మీద రాగి తీగ చుడితే కాయిల్ అవుతుంది. కరెంటు అందగానే అది అయస్కాంతంలా కదిలే ఇనుప కోర్‌ని లాగి పట్టుకుంటుంది, అప్పుడు కాంటాక్టర్ అనే స్విచ్ మోటారుకి కరెంటు కలుపుతుంది.

కాయిల్ తన వోల్టేజిలో 85 శాతం అందితే చాలు, కాంటాక్టర్‌ని పట్టుకోవాలి. 415 వోల్టుల కాయిల్‌కి అది 353. అంతకన్నా బాగా పడిపోతే కోర్ రెండు ముక్కలూ పూర్తిగా కలవవు, మధ్యలో సందు ఉండిపోయి గుర్రుమంటూ ఉంటుంది. ఆ సందు మూసుకోనంతసేపూ కాయిల్ మామూలు కన్నా చాలా రెట్లు కరెంటు లాగుతుంది. పొలంలో కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆన్ అయ్యేలా ఆటో స్విచ్ పెట్టి ఉంటారు, కరెంటు ఒక్కోసారి అర్ధరాత్రి వస్తుంది, చూసేవాళ్లు ఉండరు. నాసి రకం బాబిన్ అయితే మెత్తబడి, లోపలి రంధ్రం కుంచించుకుపోయి, కదిలే కోర్ అందులోనే ఇరుక్కుంటుంది. అలాంటివాటిని సుత్తితో పగలగొట్టి బయటికి తీసిన రోజులు చాలా ఉన్నాయి.

రెడీమేడ్ బాబిన్లు నాకు ఎనిమిది రూపాయలకి వచ్చేవి. వాటితో విసిగిపోయి హైదరాబాద్ బాలానగర్‌లో ప్లాస్టిక్ పోసే అచ్చులు (డైలు) చేసే ఒక చిన్న టూల్ రూంకి వెళ్లాను. ఇద్దరు అన్నదమ్ములు నడుపుతున్నారు. డైకి 24 వేలు, బాబిన్ ఒక్కోటి 19 రూపాయలు, కనీసం 200 తీసుకోవాలి. షాపు పెట్టుబడిలోంచి అంత తీసి డై మీద పెట్టడానికి వారం రోజులు ఆలోచించాను.

వాళ్లలో నాకు నచ్చిన మొదటి సంగతి, కంప్యూటర్ ముందు కూర్చునే లోపు నా పని అడిగి తెలుసుకోవడం. "అన్నా, ముందు మీరు కాయిల్ చుట్టి చూపించండి, కొలతలు తర్వాత తీసుకుంటాను" అన్నాడు చిన్నతను. అక్కడే పాత బాబిన్ మీద చేత్తో కొంత చుట్టి చూపించాను. కోర్ 20 కి 20 మిల్లీమీటర్లు, 38 గేజ్ వైరు, 4,600 చుట్లు. ఆ వైరు మందం 0.15 మిల్లీమీటర్లు. 28 పొరల దాకా వస్తుంది.

అసలు గొడవ మొదటి తీగ దగ్గర ఉంటుంది. పక్క పక్క పొరల మధ్య తేడా ఎంత లెక్కేసినా ముప్పై వోల్టులే. దానికి తీగ మీది ఎనామిల్ పూత చాలు. కానీ అడుగున మొదలైన తీగ బయటికి రావాలంటే బాబిన్ పక్క గోడను ఆనుకుని అన్ని పొరలనూ దాటుకుంటూ పైకి రావాలి. పై పొరను తాకే చోట ఆ రెంటి మధ్య మొత్తం 415 వోల్టులు ఉంటాయి. మధ్యలో ఎనామిల్ తప్ప ఏమీ లేకపోతే షార్ట్ అక్కడే అవుతుంది. కాలిన కాయిల్ విప్పినప్పుడు గోడ పక్కన, పై పొరల దగ్గర నల్లటి మచ్చ కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే. మేము తీగకి స్లీవ్ (సన్నని గొట్టం) తొడుగుతాం, మిలినెక్స్ అనే కరెంటు దాటనివ్వని పల్చటి ప్లాస్టిక్ షీటు ముక్క పెడతాం. దాంతో ఆ చోట ఉబ్బు వస్తుంది, పై పొరలు ఎగుడుదిగుడుగా పడతాయి.

ఈ బాబిన్‌లో గోడ మందంలోనే ఏటవాలుగా ఒక గాడి పెట్టారు. మొదటి తీగ ఆ గాడిలోంచి పైకి పోతుంది. చుట్లకీ దానికీ మధ్య పల్చటి ప్లాస్టిక్ అడ్డు ఉంటుంది. స్లీవ్ అక్కర్లేదు, ఉబ్బు రాదు. మొదటి కాయిల్ చుట్టిన రోజు పై పొర అద్దంలా సమంగా వచ్చింది. ఇన్నేళ్లలో నా చేత్తో అలాంటి కాయిల్ చుట్టలేదు. మా అబ్బాయిని పిలిచి చూపించాను.

వైరు కలిపే చోటు గురించి కూడా చెప్పాలి. ఇత్తడి ట్యాబులు రెండూ గోడలోకే దిగగొట్టి ఉన్నాయి. గాడి చివరకీ ట్యాబుకీ మధ్య చిన్న మేకులాంటి మొన ఒకటి ఉంది. తీగను దాని చుట్టూ ఒకసారి తిప్పి, కాస్త వదులు ఉంచి ట్యాబుకి చుట్టాలి. కాంటాక్టర్ పట్టుకున్న ప్రతిసారీ దెబ్బ తగులుతుంది, కాయిల్ వేడెక్కి చల్లారుతుంది. బిగుతుగా లాగి కట్టిన సన్నని తీగ టంకం పక్కనే తెగుతుంది. ఆ మొన గురించి నేను అడగలేదు, వాళ్లే ఆలోచించి పెట్టారు.

లోపలి మూలలు గుండ్రంగా చేశారు. గోడలు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉండటంతో చుట్ల ఒత్తిడికి బయటికి ఉబ్బడం లేదు. పాతవాటికి ఉబ్బితే కోర్ దూరేది కాదు.

ఇక లోపాలు. శాంపిల్ ఒకటి 3డి ప్రింటర్ మీద తీసి పంపారు. కొలత చూడటానికే అన్నారు గానీ, వేడికి తట్టుకోదని గట్టిగా చెప్పలేదు. నేను దాన్ని స్టార్టర్‌లో పెట్టి నడిపాను. ఆ ప్లాస్టిక్ అరవై డిగ్రీలకే మెత్తబడే రకమట. గంటలో వంగిపోయింది. తెలియక మరొకరు అలాగే రైతుకి బిగించి ఇస్తే ఏమవుతుందో అని నాకు నిజంగా భయం వేసింది. శాంపిల్ మీద ఆ మాట రాసి పంపాలి.

మొదటి 200లో ఇరవై దాకా పనికి రాలేదు. డై రెండు ముక్కలు కలిసే చోట ప్లాస్టిక్ అంచు పల్చగా లేచి ఉంది. వేలితో తడిమితే గీరుకుంటోంది. దాని మీద 38 గేజ్ చుడితే ఎనామిల్ తెగడం ఖాయం. ఫొటోలు పంపితే మాట్లాడకుండా కొత్తవి పంపారు, కొరియర్ ఖర్చు కూడా వాళ్లే పెట్టుకున్నారు. కానీ పది రోజులు పట్టింది. ఏప్రిల్ నెలలో పది రోజులంటే నాకు చాలా ఎక్కువ.

ఇంకొకటి, ఇది గ్లాస్ నైలాన్. బలంగా ఉంటుంది గానీ కరిగే రకమే. ట్యాబు దగ్గర సోల్డరింగ్ ఐరన్ మూడు నాలుగు సెకన్లు మించి ఉంచితే ట్యాబు పక్కకి ఒరుగుతోంది. ఎనామిల్ గీకకుండా నేరుగా టంకం పట్టే వైరు వాడితే ఇబ్బంది లేదు. గీకాల్సిన వైరైతే ముందే శుభ్రంగా గీకి, టంకం పూసి పెట్టుకోవాలి. బేకలైట్‌లో చేస్తే ఈ బాధ ఉండదు. దానికి డై, మిషను రెండూ వేరే కావాలి, రేటు వాళ్లు చెప్పిన లెక్కకి నాకు గిట్టుబాటు కాలేదు.

ఈ ఆరు నెలల్లో 140 కాయిల్స్ బిగించి ఇచ్చాను. మూడు కాలి తిరిగి వచ్చాయి. ఒక్కదానిలోనూ మొదటి తీగ దగ్గర షార్ట్ లేదు, బాబిన్ ఆకారం చెడలేదు. ఆ మూడూ విప్పి అదే బాబిన్ మీద మళ్లీ చుట్టాను. ఎనిమిది రూపాయల బాబిన్‌తో ఇది ఎప్పుడూ కుదరలేదు.

నెలకి నాలుగైదు కాయిల్స్ చుట్టేవాళ్లకి డై ఖర్చు తిరిగి రాదు, రెడీమేడ్‌తోనే జాగ్రత్తగా పని చేసుకోవచ్చు. నాలా సీజన్‌లో రోజూ చుట్టేవాళ్లు, ఒకే కొలత ఎక్కువగా వచ్చేవాళ్లు వెళ్లొచ్చు. కోర్, పాత బాబిన్, మీరు వాడే వైరు ముక్క మూడూ వెంట తీసుకెళ్లండి.

రెండో ఆర్డర్‌కి ట్యాబుల మధ్య దూరం ఆరు నుంచి పది మిల్లీమీటర్లకి పెంచమని అడిగాను. డైలో ఆ ముక్క మార్చడానికి 2,500 అన్నారు. నిన్న డబ్బు పంపాను, ఈసారి 500 బాబిన్లకి.