చేతితో తిప్పే కొలిమి బ్లోయరు: ఆరుగురి తరగతికి ఇదే సరైన కొనుగోలు

సరదాగా కమ్మరం నేర్చుకునే ఆరుగురికి తక్కువ ఖర్చులో తరగతి పెట్టాలంటే కొలిమికి గాలి ఊదే మోటారు బ్లోయరు వద్దు, గ్యాసు కొలిమి అసలే వద్దు. పిడి పట్టి తిప్పే బ్లోయర్లు మూడు కొనండి. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి యంత్రసామాన్ల బజార్లలో అడిగి చూడొచ్చు.

ధర తక్కువన్నది ఒక్కటే కారణం కాదు. ఇద్దరికో కొలిమి ఇస్తే ఒకరు తిప్పుతారు, ఒకరు కొడతారు. తిప్పేవాళ్ళకు కాక రంగు తెలుస్తుంది: నారింజ దాటి పసుపు తిరుగుతుంటే కొట్టాలి, మసక ఎరుపుకి దిగితే మళ్ళీ కొలిమిలో పెట్టాలి. మోటారైతే ఇనుము దాగలి (కొట్టడానికి కింద ఉంచే ఇనుప దిమ్మ) మీదున్నా గాలి ఊదుతూనే ఉంటుంది. బొగ్గు దండగ. లోపల ఇంకో కడ్డీ ఉంటే దాని కొన తెల్లటి రవ్వలు చిమ్ముతూ కాలిపోతుంది. కాలిన కొన ఇక దేనికీ పనికిరాదు, కోసేయాల్సిందే.

రెండు రకాలున్నాయి. రేకు తొడుగుదాంట్లో పళ్ళచక్రాలు బయటికే ఉంటాయి. గ్రీజులో బొగ్గుపొడి చేరి, పళ్ళు త్వరగా అరుగుతాయి. తరగతికి పోతఇనుము తొడుగుదే తీసుకోండి. మూసిన పెట్టెలో గేరు ఆయిలు పోస్తే చాలు. బరువెక్కువే, కానీ తిప్పేటప్పుడు కదలదు. ఫ్యానుని ఇరుసుకి పట్టి ఉంచే చిన్న స్క్రూ మాత్రం రెండింట్లోనూ వదులవుతుంది. పిడి తిరుగుతున్నా గాలి రాకపోతే ముందు దాన్నే చూడాలి.

బ్లోయరుని నిప్పుకి కనీసం రెండడుగుల దూరంలో బిగించండి. మధ్యలో నల్ల ఇనుప గొట్టమే వాడాలి. ప్లాస్టిక్ కరుగుతుంది, జింకుపూత గొట్టం వేడెక్కితే విషపు పొగ వస్తుంది. కడ్డీల విషయంలోనూ అంతే, పూత ఉన్నదేదీ కొలిమిలో పెట్టనివ్వకండి. నిప్పుకుండగా పాత బ్రేకు డ్రమ్ము సరిపోతుంది.

చాలామందికి తెలియని ప్రమాదం ఒకటుంది. తిప్పడం ఆపాక పచ్చి రాతిబొగ్గు నుంచి వచ్చే గ్యాసు గాలి గొట్టంలోకి వెనక్కి దిగుతుంది. మళ్ళీ తిప్పగానే డప్పుమని పేలుతుంది. ఆపిన ప్రతిసారీ గొట్టం అడుగున బూడిద రాల్చే మూత కొంచెం తెరిచి ఉంచండి. చిట్టెం (బొగ్గు కాలాక అడుగున గడ్డకట్టే మడ్డి) కూడా మధ్యమధ్యలో తీసేయాలి, లేకపోతే గాలిదారి మూసుకుపోయి ఎంత తిప్పినా కాక రాదు. షెడ్డుకి రెండు వైపులా గాలి ఆడాలి.

కడ్డీని బొగ్గు నడుమ అడ్డంగా పెట్టించండి. కొత్తవాళ్ళు కొనని కిందికి, నేరుగా గాలి తగిలేచోటికి గుచ్చుతారు. అక్కడ వేడెక్కదు సరికదా, పొలుసు కడుతుంది.

దాగలి కొనక్కర్లేదు. మీటరుకు 52 కిలోలు తూగే రైలుపట్టాలో 40 సెం.మీ. ముక్క సుమారు 21 కిలోలుంటుంది. నిలువుగా పాతితే దెబ్బ కింద బరువంతా నిలుస్తుంది. బిల్లు లేకుండా మాత్రం కొనొద్దు, రైల్వే ఆస్తి అక్రమంగా దగ్గరుంచుకోవడం 1966 చట్టం కింద నేరం. కిలో లోపు సుత్తి, కళ్ళద్దాలు, నూలు బట్టలు ఉండాలి. మొదటి పనికి 8 మి.మీ. చదరపు కడ్డీ, 20 సెం.మీ. పొడవుది, తగిలించే కొక్కెంగా వంచిస్తే చాలు.

కొనేటప్పుడు దుకాణంలోనే పిడి జోరుగా తిప్పి వదలండి. ఫ్యాను కొన్ని క్షణాలు దానంతటదే తిరగాలి. టక్కున ఆగినా, ఇరుసు అటూఇటూ ఊగినా ఆ ముక్క వద్దనండి.