కొట్టుకునే గుండె: తీగల బొమ్మ మేలా, నిండు బొమ్మ మేలా?

గుండె స్కాన్‌ని ఇంటి కంప్యూటర్‌లో కదిలే బొమ్మగా చూడాలంటే ముఖ్యంగా రెండు దారులున్నాయి. గుండె గోడ అంచుల వెంట గీతలు లాగి తీగల చట్రంలా చూపించడం ఒకటి, అదే వైర్‌ఫ్రేమ్. స్కాన్‌లోని ప్రతి చుక్కకీ రంగు, పారదర్శకత ఇచ్చి నిండుగా చూపించడం రెండోది, దాన్ని వాల్యూమ్ రెండరింగ్ అంటారు. రెండోది చూసిన కళ్లకి మొదటిది పాతచింతకాయ పచ్చడిలా కనిపిస్తుంది. ఎంఆర్ఐ డేటా చేతికొచ్చేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

పాత ఇంటి కంప్యూటర్లకి వైర్‌ఫ్రేమే ఎందుకు గతి అయిందో తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. 1982లో వచ్చిన కమొడోర్ 64లో మొత్తం మెమరీ 64 కేబీ. 320×200 చుక్కల తెర, రెండే రంగులనుకున్నా, ఒక్క బొమ్మకి 8,000 బైట్లు తింటుంది. ఒక గుండె స్పందనని 16 ఫ్రేములుగా దాచుకోవాలంటే 1,28,000 బైట్లు కావాలి. పట్టవు. అదే ఎడమ జఠరికని, అంటే గుండెలో ఎడమవైపు కింది గదిని, 10 వలయాలుగా, వలయానికి 16 బిందువుల చొప్పున తీసుకుంటే? బిందువుకి మూడు బైట్లు, ఫ్రేముకి 480, పదహారు ఫ్రేములకి 7,680. కొట్టుకునే గుండె మొత్తం ఒక్క తెర బొమ్మ కన్నా తక్కువ చోటులో సర్దుకుంది! పైగా ఎటు కావాలంటే అటు తిప్పి చూడొచ్చు. చిక్కంతా వేగంతోనే. ఒక మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ మీద బేసిక్ భాషలో ప్రోగ్రాం రాస్తే ఆ గుండె కొట్టుకోదు, పాకుతుంది. 1985 నాటి అమీగా కంప్యూటర్‌లో గీతలు గీసే పనిని బ్లిటర్ అనే హార్డ్‌వేరే చూసుకునేది కాబట్టి అక్కడ కాస్త నయం.

ఇప్పుడు మెమరీకి కరువు లేదు కదా, మరి వైర్‌ఫ్రేమ్ దేనికి? స్కాన్ ఏదన్నదాన్ని బట్టి చెప్పాలి.

గుండె కదలికని పట్టే సినీ ఎంఆర్ఐలో అడ్డకోతలు సాధారణంగా పది చిల్లరే, ఒక్కోటి 8 మిల్లీమీటర్ల దాకా మందం. దాన్ని వాల్యూమ్ రెండరింగ్‌కి ఇస్తే గుండె రాదు, మెట్లబావి వస్తుంది. అంచులు గీసి వలయాలు పేరిస్తే మాత్రం కన్ను మధ్య ఖాళీలని తనే పూరించుకుంటుంది. పరిశోధనకి బయట పెట్టిన ఏసీడీసీ ఎంఆర్ఐ డేటాతో నేను చేసి చూశాను. అందులో పూర్తిగా నిండిన దశకీ, పూర్తిగా ముడుచుకున్న దశకీ మాత్రమే అంచులు గీసి ఇచ్చారు. మధ్య ఫ్రేములకి నేనే గీసుకోవాల్సి వచ్చింది, రెండు ఆదివారాలు పోయాయి.

బొమ్మ ఆడించగానే ఒక వింత. గాజుల స్టాండులో గాజులు పక్కకి జారినట్టు రెండు వలయాలు ఓ వైపుకి ఉన్నాయి. జబ్బేమో అనుకుని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే, కోతల్ని వేర్వేరుగా ఊపిరి బిగబట్టించి తీస్తారు. ఒకసారి కాస్త ఎక్కువ పీల్చుకుంటే గుండె ఆ మేరకు జరుగుతుంది.

వైర్‌ఫ్రేమ్‌తో అసలైన మోసాలు రెండున్నాయి. ముందు గీతలూ వెనక గీతలూ ఒకేలా ఉంటే బొమ్మ కుడికి తిరుగుతోందో ఎడమకి తిరుగుతోందో కన్ను తేల్చుకోలేదు. వెనకవి మసకగా గీస్తే ఇది చాలావరకు తీరుతుంది. రెండోది అలా తీరేది కాదు. గుండె తడిబట్టని పిండినట్టు మెలి తిరుగుతూ ముడుచుకుంటుంది, కానీ అంచు మీద బిందువులు మనం పెట్టినవే, కండరంతో పాటు జరిగేవి కావు. అందుకే ఆ మెలి ఇందులో కనపడదు. దాన్ని చూడాలంటే కండరం మీదే గుర్తులు వేసే ట్యాగింగ్ ఎంఆర్ఐ కావాలి.

సీటీ యాంజియో, అంటే రక్తనాళాలు కనపడేలా మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్, చేతిలో ఉంటే కథ మారుతుంది. కోతలు మిల్లీమీటరు లోపే ఉంటాయి కాబట్టి నిండు బొమ్మే అందం, గుండె మీద పాకే కరోనరీ నాళాలు సహా. ఇలాంటి స్కాన్లని చూపించే త్రీడీ స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే. సీటీఏకార్డియో అనే నమూనా డేటా కూడా దాంట్లోంచే దింపుకోవచ్చు. బరువు మాత్రం చూసుకోవాలి: 512×512 కోత అర ఎంబీ, 300 కోతలకి 150 ఎంబీ, 10 ఫ్రేములైతే 1.5 జీబీ. విడి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్ మీద ఆడిస్తే నత్తనడకే. పైగా పారదర్శకత స్లైడర్ కొంచెం జరిపితే నాళం సన్నబడుతుంది, ఇంకొంచెం జరిపితే మాయమవుతుంది. అక్కడ పూడిక ఉందా, నా వేలు ఎక్కువ జరిగిందా?

మధ్యేమార్గం 1987లో లోరెన్సన్, క్లైన్ ప్రచురించిన మార్చింగ్ క్యూబ్స్ పద్ధతి, అంటే త్రిభుజాలతో ఉపరితలం కట్టడం. త్రీడీ ప్రింట్‌కి బాగా పనికొస్తుంది. కదలిక చూడ్డానికి నాకంత నచ్చలేదు, ముందు గోడ వెనక గోడని కప్పేస్తుంది.

కాబట్టి నాళాల ఆకారానికి నిండు బొమ్మ, గోడ కదలికకి తీగల బొమ్మ అన్నది నా లెక్క. మా అమ్మకి రెండూ చూపించాను. సీటీ బొమ్మ చూసి "అబ్బ, ఎంత బాగుందిరా" అంది. తీగల బొమ్మలో గుండెపోటు వచ్చి తేరుకున్న ఒక రోగి గుండె ఆడుతోంది. కాసేపు చూసి వేలు పెట్టి అడిగింది: "ఈ పక్క కదలట్లేదేం?"