నల్ల ముళ్ల సీ అర్చిన్: డయాడెమానా, ఎకినోథ్రిక్సా?

పగడపు దిబ్బల్లో సీ అర్చిన్‌కి (ముళ్ల బంతిలా ఉండే సముద్ర జీవి) పొడవాటి నల్ల ముళ్లు కనబడగానే అది డయాడెమా సెటోసమ్ జాతి అనేస్తారు. ఎకినోథ్రిక్స్ కలామారిస్ అనే మరో జాతి కూడా కావచ్చు. రెండూ హిందూ, పసిఫిక్ సముద్రాల్లో ఉండేవే. ముళ్ల రంగును నమ్ముకోవద్దు, రెండింటికీ పిల్లదశలో చారలుంటాయి. పైనుంచి నడినెత్తి చూడండి. మలద్వారం అంచున నారింజ ఉంగరం, చుట్టూ ఐదు తెల్లచుక్కలు ఉంటే డయాడెమానే. పక్కనుంచి తీసిన ఫొటోలో ఇది దొరకదు, అదే చిక్కు.

ఎకినోథ్రిక్స్‌కి ఆ ఉంగరం ఉండదు. ఆ చోట చుక్కల సంచి ఒకటి ఉబ్బి ఉంటుంది. లావు ముళ్ల మధ్య వరుసలుగా సన్నని పొట్టి సూదులుంటాయి. విషం వాటిలోనే, చెయ్యి పెట్టకండి!

డయాడెమా పగలు కూడా ఇసుక మీద, పగడపు ముక్కల మీద గుంపులుగా కనిపిస్తుంది. ఎకినోథ్రిక్స్ ఎక్కువగా రాళ్ల సందుల్లో దాక్కుని, రాత్రి మేతకు బయటికొస్తుంది.