పన్నెండున్నర అడిగితే నూట ఇరవై అయిదు: మందుల ఆర్డర్ యాప్ సెర్చ్ మీద నా అనుభవం

ఈ యాప్ మీద నాకున్న కోపమంతా మందు మోతాదు అంకెలో ఉండే ఒక్క చుక్క దగ్గరే. మిగతావన్నీ సర్దుకుపోయేవే. డెలివరీ, క్రెడిట్, స్కీములు, బిల్లు కాపీల గురించి మెడికల్ షాపు నడిపేవాళ్లకు కొత్తగా చెప్పేదేం లేదు, హోల్‌సేల్ యాప్‌లన్నీ ఇంచుమించు ఒక్కతీరుగానే ఉన్నాయి. నేను రాసేది సెర్చ్ గురించి మాత్రమే. హనుమకొండలో మాది చిన్న షాపు. కౌంటర్లో నేనూ, ఒక పిలగాడూ. వరంగల్ డిస్ట్రిబ్యూటర్ ఒకాయన ఈ యాప్ పెట్టించి ఇది మూడో ఏడు. పేరు రాయను. మా సరుకులో ఎక్కువ భాగం ఇప్పటికీ అక్కడి నుంచే వస్తుంది మరి.

మొదట్లో నాకు నచ్చింది కూడా సెర్చే. డాక్టర్ల రాత సంగతి అందరికీ తెలిసిందే. ఫోన్లో పేషెంట్లు చెప్పే పేర్లు అంతకన్నా ఘోరం. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్పెల్లింగ్ ఒక్క అక్షరం తేడా వస్తే ఖాళీ తెరే. ఇందులో ఎఫ్‌కు బదులు పీహెచ్ కొట్టినా, మధ్యలో ఒక అక్షరం ఎగిరిపోయినా మందు దొరికేది. టీ, ఈ, ఎల్ కొట్టి, ఖాళీ వదిలి 40 అంటే చాలు, బీపీ గోలీ టెల్మా 40 పైన నిలబడేది. అయిపోయిన మందులు రాసుకునే షార్టేజీ పుస్తకం మీది నుంచి చూపు తీయకుండా బొటనవేలితోనే ఆర్డర్ పెట్టేదాన్ని. రాత్రి షట్టర్ సగం దించాక అరగంటలో పని అయిపోయేది. నయీంనగర్, కాజీపేట వైపు తెలిసిన షాపులవాళ్లకు కూడా తీసుకోమని చెప్పాను. ఇప్పుడు అడిగినా తీసుకోమనే అంటా, కాకపోతే కొన్ని జాగ్రత్తలు కలిపి చెప్తా.

ఎందుకంటే మధ్యలో ఒక పెద్ద అప్‌డేట్ వచ్చింది. ఇక మీదట ఏది వెతికినా దొరుకుతుందని యాప్ తెరవగానే ఒకటే ఊదర. నిజంగానే ఆ తర్వాత ఏం కొట్టినా ఖాళీ తెర రావడం లేదు. ఏదో ఒకటి చూపిస్తుంది.

మా దగ్గరికి హసన్‌పర్తి నుంచి ఒక పెద్దమ్మ వస్తుంది. గుండెకు స్టెంటు వేశారు, ఆ తర్వాత థైరాయిడ్ తక్కువుందని తేలింది. గుండె జబ్బున్న పెద్దవాళ్లకు లీవోథైరాక్సిన్ ఒకేసారి ఎక్కువ ఇవ్వరు. 12.5 మైక్రోగ్రాములతోనో, 25తోనో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఆమెకు రాసింది 12.5. ఈ పవర్ అడిగేవాళ్లు తక్కువ, కాబట్టి నిల్వ పెట్టం, ఆమె గోలీలు అయిపోయే ముందు తెప్పిస్తాం.

ఆ రాత్రి ఆర్డర్ పెట్టింది పిలగాడు. మందు పేరులో నాలుగు అక్షరాలు, ఖాళీ, 12.5. సరిగ్గానే కొట్టాడు. అప్‌డేట్‌కు ముందైతే 12.5 ఒక్కటే వచ్చేది. ఇప్పుడు మొదటి వరుసలో 125, రెండో వరుసలో 25, మూడో వరుసలో స్పాన్సర్డ్ అనే చిన్న ముద్రతో వేరే కంపెనీ సరుకు. అడిగిన 12.5 నాలుగో వరుసలో. కీబోర్డు సగం తెర మింగేశాక కనబడేవే మూడు వరుసలు. ఒకటి, రెండు, అయిదు అంకెలు వరసగా కనబడ్డాయి, వాడు నొక్కాడు. ఆ వేళలో, ఆ నిద్రమత్తులో ఎవరైనా అదే నొక్కుతారు.

మర్నాడు మధ్యాహ్నం సరుకు దిగింది. బిల్లుతో బ్యాచ్, ఎక్స్‌పైరీ సరిచూసి ర్యాకుల్లో సర్దే పని నాది. చేతిలోకి తీసుకున్న డబ్బా మీద 125 అని ఉంది. పది రెట్లు. స్టెంటు ఉన్న మనిషి పొద్దున్నే పరగడుపున అది వేసుకుంటే దడతో మొదలై ఛాతీ నొప్పి దాకా పోవచ్చు. డబ్బా పక్కన పెట్టి ఇంకా తేరుకోకముందే పెద్దమ్మ మెట్లెక్కుతోంది.

"పొద్దుగాల ఏసుకునే గోలీలు అయిపోయినయి బిడ్డా. ఇయ్యాల వస్తయన్నవ్ గదా."

"రేపు వస్తాయి పెద్దమ్మా, ఒక్కరోజు."

"మళ్ల రావాల్నా? బస్సుకైతే పైసలు అక్కర్లేదు గని, నా మోకాళ్లకు పైసలెవరిస్తరు?"

ఆ మాటకు జవాబు లేదు. పిలగాణ్ని బండి మీద ఎంజీఎం ఆసుపత్రి వైపు తెలిసిన షాపుకు పంపి, వాళ్ల దగ్గరున్న 12.5 తెప్పించి ఇచ్చాను. 125ను వాపసు పంపితే క్రెడిట్ నోట్ వచ్చేసరికి నెల తిరిగింది. అది మామూలే, దాని మీద నాకు కోపం లేదు.

కోపం వచ్చింది యాప్ వాళ్లకు ఫోన్ చేసినప్పుడు. అవతల అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. కంప్యూటర్లో మా ఆర్డర్ తీసి చూసి, "మేడం, మీరు వెతికింది మొదటి వరుసలోనే వచ్చింది. దాన్నే తీసుకున్నారు. కొన్ని సెకన్లలోనే ఆర్డర్ కూడా అయింది. సెర్చ్‌లో ప్రాబ్లం ఏం కనబడటం లేదు" అంది.

సంక్రాంతికి మా అన్న కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడిది. వాడికి ఇదంతా చెబితే ఒకటే నవ్వు. "ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదత్తా. వాళ్ల లెక్కలో మీ పిలగాడి వెతుకులాట నూటికి నూరు" అన్నాడు. సెర్చ్ ఎంత బాగుందో కొలవడానికి చాలా కంపెనీలు వాడే లెక్క ఒకటుందట. మనిషి నొక్కింది మొదటి వరుసలో ఉంటే ఒక మార్కు, రెండో వరుసలో అయితే అర, మూడో దాంట్లో మూడో వంతు. అందరి మార్కులూ కలిపి సగటు తీస్తారు. అంటే పిలగాడు కిందికి జరిపి, నాలుగో వరుసలో ఉన్న అసలు మందు నొక్కి ఉంటే యాప్‌కు వచ్చేది పావు మార్కు. తప్పు మందు నొక్కితే నిండు మార్కు! జాగ్రత్తగా చూసి నొక్కేవాళ్ల వల్ల సగటు పడిపోతుంది, కళ్లు మూసుకుని నొక్కేవాళ్ల వల్ల పెరుగుతుంది. నొక్కినదల్లా కావలసినదే అనుకోవడంలో ఉంది తిరకాసంతా.

ఖాళీ తెరలు తగ్గడం కూడా ఈ బాపతే. వెతికినవాటిలో ఎన్నింటికి ఏమీ దొరకలేదో లెక్కేసి, అది తగ్గితే సెర్చ్ బాగుపడిందంటారట. నాకు మాత్రం ఖాళీ తెర కూడా సమాచారమే. ఈ డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆ మందు లేదని తెలిసిపోయేది, వెంటనే ఇంకొకరికి ఫోన్ చేసేదాన్ని. ఇప్పుడు లేని మందు కొట్టినా పది వరుసలు వస్తాయి, అవన్నీ చదివితే గానీ లేదని తేలదు. పైగా అదే మందు వేరే కంపెనీది ముందుకు తోస్తుంది. డ్రగ్స్ రూల్స్, 1945లో 65 (11ఏ) అని ఒక నిబంధన ఉంది. డాక్టర్ చీటీలో షెడ్యూల్ హెచ్ మందు, అంటే చీటీ లేకుండా అమ్మకూడని మందు రాస్తే దానికి బదులు ఇంకోటి ఇవ్వకూడదు, లోపలి మందు అదే అయినా సరే. డి.ఫార్మసీ చదివిన ప్రతివాళ్లకూ తెలిసిన రూలు ఇది. నేను అమ్మకూడని సరుకును మొదటి మూడు వరుసల్లో పెడితే నేనేం చేసుకోను?

చుక్క సంగతి కూడా వాడే విప్పి చెప్పాడు. 1965లో లెవెన్‌స్టైన్ అనే సోవియట్ గణితవేత్త ఒక కొలత చెప్పాడట. ఒక మాటను ఇంకో మాటగా మార్చాలంటే ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీసేయాలి, మార్చాలి అన్నదే ఆ దూరం. స్పెల్లింగ్ తప్పినా మందు దొరకడం వెనక ఉండేది ఇలాంటి లెక్కే. ఆ లెక్కలో 12.5కూ 125కూ మధ్య దూరం ఒక్కటి. చుక్క తీసేస్తే సరి. నేను ఇన్నాళ్లూ మురిసిపోయిన గుణమే ఇక్కడ పీకల మీదికి తెచ్చింది. అక్షరం తప్పితే క్షమించాల్సిందే, అంకె దగ్గర మాత్రం క్షమించకూడదు. దానికి తోడు 125 ఎక్కువ అమ్ముడుపోతుంది కాబట్టి యాప్ దాన్ని పైకి లాగింది.

ఇద్దరం కూర్చుని చుక్క ఉన్న మందులన్నీ కొట్టి చూశాం. ఆమ్లోడిపిన్ 2.5, ఆల్ప్రజోలమ్ 0.25, కార్వెడిలోల్ 3.125, 6.25. పేరు పూర్తిగా కొడితే కొంత నయం. గుండె మందు కార్వెడిలోల్ 6.25కు పేరు సగమే కొడితే పైన ప్రత్యక్షమైంది యాంటీబయాటిక్ 625. మోతాదు తప్పితే ప్రాణం మీదికొచ్చే మెథోట్రెక్సేట్ 2.5 కొట్టడానికి మాత్రం నాకే చేయి ఆడలేదు, వాడే కొట్టాడు. అది సరిగ్గానే వచ్చింది, ఊపిరి పీల్చుకున్నాం. మందుల వ్యాపారంలో పేర్లు కలిసిపోవడం కొత్తేం కాదు. అమెరికాలో లోసెక్ అనే గ్యాస్ మందును, ఒంట్లో నీరు తగ్గించే లాసిక్స్‌గా పొరబడుతున్నారని 1990లో దాని పేరే ప్రైలోసెక్ అని మార్చేశారు. అంత పెద్ద కంపెనీ పేరే మార్చుకున్నప్పుడు వీళ్లు ఒక చుక్కను లెక్కలోకి తీసుకోలేరా?

మా మేనల్లుడి సలహా మీద షార్టేజీ పుస్తకం వెనక పేజీల్లో గీతలు గీశాను. సెర్చ్‌ను పరీక్షించే పాత పద్ధతి ఒకటుందట. 1960లలో ఇంగ్లాండులోని క్రాన్‌ఫీల్డ్‌లో సిరిల్ క్లెవర్డన్ అనే లైబ్రేరియన్ విమానాల శాస్త్రం మీద 1400 వ్యాసాలు, 225 ప్రశ్నలు పెట్టుకుని, ఏ ప్రశ్నకు ఏ వ్యాసం సరైన జవాబో ముందే తేల్చి పెట్టాడట. ఆ తర్వాతే వెతికే పద్ధతులను పోల్చాడు. జనం ఏం నొక్కారన్న గొడవే లేదు, సరైన జవాబు వచ్చిందా లేదా అన్నదే లెక్క. నాదీ అంతే. ఏం కొట్టాను, ఏది రావాలి, ఎన్నో వరుసలో వచ్చింది. నాలుగో గడి నా సొంతం: చివరికి డిస్ట్రిబ్యూటర్‌కు ఫోన్ చేయాల్సి వచ్చిందా?

ఆ నాలుగో గడే అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది. యాప్‌కు నా వేలు తెలుసు గానీ నా ఫోన్ కాల్ తెలియదు. విసిగిపోయి యాప్ మూసేసి ఆర్డర్లు రాసుకునే అబ్బాయికి ఫోన్ చేస్తే, ఆ వెతుకులాట వాళ్ల దగ్గర ఎక్కడా ఓటమిగా పడదు. దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. చాలాసార్లు నేను కొట్టేది స్టాక్ ఉందా, రేటెంత అని చూడ్డానికే. వరుసలోనే కనబడుతుంది, చూసి మూసేస్తా. నా పని అయిపోయింది, కానీ ఏమీ నొక్కలేదు కాబట్టి వాళ్ల లెక్కలో ఉత్తచేతులతో వెళ్లిపోయినట్టే.

ఇంకోటి, డోలో 650 లాంటివి ఏ సెర్చ్ అయినా చూపిస్తుంది. రోజూ వెతికేవాటిలో సగానికి పైగా అలాంటివే, వాటితో సగటు ఎప్పుడూ నిగనిగలాడుతూనే ఉంటుంది. మా పుస్తకంలో వాటిని వదిలేసి అరుదుగా వచ్చే మందులే చూస్తే ఫోన్ గడి నిండిపోయింది. 2025 సెప్టెంబర్ 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడైతే ఒకే మందు పాత రేటుతో ఒక వరుస, కొత్త రేటుతో ఒక వరుస. ఆ వారాల్లో నేను సెర్చ్ వాడటమే మానేశాను. అయితే దానికి యాప్ ఒక్కదాన్నే అనలేం, అప్పుడు అందరి బిల్లులూ గందరగోళమే.

ఆ పేజీలు ఫోటో తీసి యాప్ వాళ్లకు పంపాం. జవాబు రాలేదు గానీ కొన్నాళ్లకు మార్పు వచ్చింది. ఇప్పుడు పవర్ అంకె లావుగా, వేరే రంగులో కనబడుతోంది. థైరాయిడ్ గోలీకి 12.5 కొడితే 12.5 పైన వస్తోంది, 125 దాని కింద. అందుకు మెచ్చుకోవాలి. 6.25 మాత్రం ఇంకా అట్లాగే ఉంది. మైకు నొక్కి పన్నెండున్నర అంటే దానికి అసలు బుర్రకెక్కదు. ఫోన్లో అబ్బాయికి పన్నెండున్నర అంటే పొరపాటున కూడా నూట ఇరవై అయిదు రాసుకోడు.

యాప్ తీసేయలేదు, తీసేసే ఉద్దేశం కూడా లేదు. చుక్క లేని మందులకు ఇంతకన్నా వేగంగా ఆర్డర్ పెట్టే దారి నాకు తెలియదు. చుక్క ఉన్నవాటి జాబితా రాసి కౌంటర్ లోపల అతికించాం, అవి ఫోన్లోనే చెప్తాం. ఎంజీఎం చుట్టుపక్కల పెద్ద షాపులవాళ్లు కంప్యూటర్ నుంచి జాబితా మొత్తం ఒకేసారి పంపిస్తారు, వాళ్లకు నా గోలతో పని లేదు. పరకాల, ఆత్మకూరు వైపు ఆర్డర్ బాయ్ వారానికోసారి వచ్చే చోట్ల ఇది ఉంటేనే మేలు. నాలాగా ఒక్క పిలగాడితో, అద్దాలు మార్చుకోవాల్సిన కళ్లతో నడిపేవాళ్లు మాత్రం తీసుకునే ముందు డెమోకు వచ్చినవాణ్ని కూర్చోబెట్టి, మీ షార్టేజీ పుస్తకంలోంచి చుక్క ఉన్న మందులు ఒక అయిదారు అతని చేతే కొట్టించండి. కీబోర్డు తెరిచే ఉండాలి, కిందికి జరపనివ్వకండి.