మా చెల్లి సేఫ్టీ ప్లాన్: కొన్నేళ్ల వాడకం తర్వాత

సేఫ్టీ ప్లాన్ అంటే ఏమిటో, అందులోని ఆరు మెట్లు ఏవో వెతికితే ఎక్కడైనా దొరుకుతాయి. ఆత్మహత్య ఆలోచనలు ముసిరినప్పుడు ఏం చేయాలో ముందే రాసిపెట్టుకునే ఒక్క పేజీ కాగితం అది. అమెరికా మనస్తత్వవేత్తలు బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించారు. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది మొదటి మెట్టు గురించే. ప్రమాదం దగ్గరపడుతోందని చెప్పే గుర్తులు రాసుకునే చోటు అది. చాలామంది అక్కడ ‘దిగులు, నిద్ర పట్టకపోవడం’ అని రెండు ముక్కలు రాసి దాటేస్తారు. మా చెల్లి ఈరోజు మా మధ్య ఉందంటే ఆ చోటు వల్లే.

చెల్లి అంటే మా పిన్ని కూతురు. తను హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటుంది, నేను విజయవాడలో. గదిలో ఇంకో అమ్మాయి ఉంటుంది కాబట్టి మనసులోని మాట ఫోనులో చెప్పదు, ఏదైనా వాట్సాప్‌లోనే. తన అనుమతితోనే ఇది రాస్తున్నాను. మెసేజ్‌లో ముఖం కనిపించదు, గొంతు వినిపించదు. నీలం టిక్కులు పడి బదులు రాకపోతే అవతల ఏం జరుగుతోందో ఊహించుకోవడమే.

తను కాస్త నిలకడగా ఉన్న రోజుల్లో సైకాలజిస్టు దగ్గర కూర్చుని ప్లాన్ రాసింది. నేను వీడియో కాల్‌లో ఉన్నాను. గుర్తుల దగ్గర ‘దిగులుగా ఉంటాను’ అంటే సైకాలజిస్టు ఒప్పుకోలేదు. “అప్పుడు నువ్వు ఏమేం చేస్తావు? పక్కవాళ్లకు ఏం కనిపిస్తుంది?” అని అడిగారు. చెల్లి చాలాసేపు ఆలోచించి మూడు వాక్యాలు రాసింది. ‘తల దువ్వుకోను.’ ‘ప్రొఫైల్ ఫొటో తీసేస్తాను.’ ‘పాత మెసేజ్‌లన్నిటికీ వరసపెట్టి బదులిస్తాను, బాకీలు తీర్చేస్తాను.’ మూడోది నా ఊహకు కూడా అందేది కాదు.

ఒక రాత్రి పదకొండు దాటాక తన నుంచి నాకు డబ్బు వచ్చింది. ఎప్పుడో కొనిచ్చిన పోటీ పరీక్షల పుస్తకం ఖరీదు. కింద ‘థాంక్స్ అక్కా, ఎప్పటి నుంచో ఇవ్వాలనుకుంటున్నా, నువ్వు చాలా మంచిదానివి’ అని, పక్కనే నవ్వు ముఖం. ప్లాన్‌లోని ఆ మూడో వాక్యం చదివి ఉండకపోతే పిల్ల కుదుటపడిందని సంతోషించి పడుకునేదాన్ని. ‘బాకీలు తీర్చేస్తున్నావు. చనిపోవాలని అనిపిస్తోందా?’ అని సూటిగా రాశాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి, సైకాలజిస్టు కూడా మాకు అదే చెప్పారు. టైప్ చేస్తున్నట్టు కనిపించింది, ఆగింది, మళ్లీ కనిపించింది. చివరికి ‘ఊఁ’ అని వచ్చింది.

ఇప్పుడు క్షేమంగానే ఉన్నావా, ఏదైనా చేసుకోవడానికి సిద్ధపడ్డావా అని అడిగాను. ‘ఇంకా లేదు, ఎవరికీ చెప్పకు అక్కా’ అంది. అసలు నమూనాలో లేని ఒక వాక్యం మేము అడుగున చేర్చుకున్నాం: ప్రమాదం అనిపిస్తే అక్క ఎవరికి చెప్పవచ్చు. అక్కడ గదిలో ఉండే అమ్మాయి పేరు చెల్లే రాసింది. ‘ఆ మాట ఇవ్వలేను, నువ్వు రాసిన పేరుకే చెబుతున్నాను’ అని చెప్పి ఆ అమ్మాయిని లేపాను. తను పక్కన కూర్చుంది. రెండో మెట్టు అంటే మనసు మళ్లించుకోవడానికి తనంతట తాను చేసుకోగల పనులు. అక్కడ చెల్లి రాసుకున్నది బట్టలు మడతపెట్టడం. కాసేపటికి మడతపెట్టిన చున్నీల ఫొటో పంపింది. ఆ ఫొటో నా దగ్గర ఇప్పటికీ ఉంది.

ఆ రాత్రి మొరాయించింది అయిదో మెట్టు, అంటే నిపుణుల, సహాయ సేవల నంబర్లు రాసుకునే చోటు. మేము రాసుకున్న చాట్ సేవ నుంచి, పని వేళల్లో సంప్రదిస్తామని యాంత్రికమైన బదులు వచ్చింది. అర్ధరాత్రి చనిపోవాలని ఉందని రాసిన మనిషికి ఇచ్చే జవాబేనా అది? ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. తర్వాత చెల్లి 14416కు ఫోన్ చేసింది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. దుప్పటి కప్పుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తెలుగులో మాట్లాడింది. ఇప్పుడు మా కాగితం మీద అయిదో మెట్టులో మొదటి నంబరు అదే.

విషయం తెలిసినప్పుడు పిన్ని మొట్టమొదట చేసింది చెల్లితో తల మీద ఒట్టు వేయించుకోవడం. పిన్ని ప్రేమ నాకు తెలుసు. కానీ ఒట్టు వేశాక ఆ ఆలోచన మళ్లీ వస్తే పిల్ల అమ్మకు ఎలా చెబుతుంది? దాచుకుంటుంది. ప్లాన్‌లో ‘ఇక అలా ఆలోచించను’ అనే మాట ఎక్కడా ఉండదు. వస్తే ఏం చేయాలన్నదే ఉంటుంది.

అయితే మొదటి మెట్టును ఇంతగా పొగిడాను కాబట్టి ఇదీ చెప్పాలి. గుర్తులు మారతాయి. నిరుడు తను మెసేజ్‌లే తగ్గించేసింది, ప్రొఫైల్ ఫొటో మాత్రం అలాగే ఉంది. కాగితం ఏమీ పట్టలేదు. గదిలోని అమ్మాయి గమనించి ఫోన్ చేయబట్టి తెలిసింది. అప్పటి నుంచి కొన్ని నెలలకోసారి ప్లాన్ తిరగరాస్తున్నాం. 2018లో వచ్చిన అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల అధ్యయనంలో, ప్లాన్ అందుకున్నవారిలో ఆ తర్వాతి ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రవర్తన 45 శాతం తక్కువగా కనిపించింది. అక్కడ కూడా కాగితం ఇచ్చి వదిలేయలేదు, తర్వాత ఫోన్లు చేస్తూ కనుక్కున్నారు. మా విషయంలో ఆ ఫోన్ల పని నేను చేశాను.

మాకు కలిసివచ్చినవి ఇంకా ఉన్నాయి. చెల్లి చికిత్స మానలేదు. హాని చేసుకోగల వస్తువులు అందుబాటులో లేకుండా చూసుకునే ఆరో మెట్టు ప్రకారం మందులు వారానికి సరిపడా మాత్రమే తన దగ్గర ఉంటాయి, మిగతావి ఆ అమ్మాయి దాచి ఇస్తుంది. నాకు రాత్రి మేలుకునే వీలుంది. ఒంటరిగా గది తీసుకుని ఉండేవారికి, చెప్పుకునే మనిషి లేనివారికి ఇది ఇంత బాగా పనిచేస్తుందని నేను గట్టిగా చెప్పలేను. వాళ్లు 14416తో మొదలుపెట్టడం మేలు. ప్రాణం మీదకు వచ్చిందనిపిస్తే 112. ఇంకొకరి కోసం ఈ కాగితం వెతుకుతున్నవారు మాత్రం దయచేసి మీరే నింపి పంపకండి. కౌన్సెలర్ దగ్గర వాళ్ల చేతే, వాళ్ల మాటల్లోనే రాయించి, ఒక ప్రతి మీ ఫోనులో పెట్టుకోండి.