సరిహద్దు తగాదా: కోర్టు తీర్పా, చర్చలా? ఏది మేలు?

ఒకే నేలను రెండు దేశాలు మాదంటే మాదని పట్టుబడితే, యుద్ధం కాకుండా మిగిలే ముఖ్యమైన దారులు రెండు. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లడం, లేదా కూర్చుని మాట్లాడుకుని ఒప్పందం చేసుకోవడం. మనుషులు లేని దీవులకు కోర్టే మేలని, జనం బతికే ఊళ్లకు చర్చలే మేలని నా అభిప్రాయం.

కోర్టు ముఖ్యంగా చూసేది పాత ఒప్పందాలు, పటాలు, అక్కడ పాలన ఎవరు చేశారు, రెండోవాళ్లు అప్పట్లో అభ్యంతరం చెప్పారా లేదా అన్నవి. ఇప్పుడు అక్కడ ఎవరు ఉంటున్నారన్నదానికి అంత బరువు ఉండదు. ఆఫ్రికాలో నైజీరియా–కామెరూన్ సరిహద్దులో ఉన్న బకాసీ ద్వీపకల్పంలో అప్పట్లో ఎక్కువమంది నైజీరియా వాళ్లే. అయినా ఒకప్పటి వలస పాలకులైన బ్రిటన్, జర్మనీ 1913లో చేసుకున్న ఒప్పందం ఆధారంగా 2002లో కోర్టు దాన్ని కామెరూన్‌కు ఇచ్చింది. చట్టం ప్రకారం అది సరైన తీర్పే కావచ్చు. కానీ అక్కడి కుటుంబాల గతేమిటి? చివరికి నైజీరియా సైన్యం వెనక్కి వెళ్లాలన్నా 2006లో ఐక్యరాజ్యసమితి చొరవతో గ్రీన్‌ట్రీ ఒప్పందం కుదరాల్సి వచ్చింది. అంటే తీర్పు తర్వాత కూడా చర్చలు తప్పలేదు.

థాయ్‌లాండ్–కాంబోడియా సరిహద్దులోని ప్రేహ్ విహార్ గుడి కాంబోడియాదని 1962లోనే ఈ కోర్టులో తేలింది. చుట్టుపక్కల నేల గొడవ మాత్రం చల్లారలేదు. 2013లో కోర్టు మళ్లీ వివరణ ఇచ్చినా, 2025లో థాయ్‌లాండ్–కాంబోడియా సరిహద్దులో కాల్పులు జరిగాయి.

అదే పెడ్రా బ్రాంకా చూడండి. లైట్‌హౌస్ తప్ప ఊరు లేని చిన్న దీవి. మలేషియా, సింగపూర్ కలిసే కోర్టుకెళ్లాయి, 2008లో అది సింగపూర్‌కు దక్కింది. ఒక్క కుటుంబం కూడా దేశం మారాల్సిన పని పడలేదు.

చర్చలకూ పెద్ద లోపం ఉంది: ఆలస్యం. భారత్, బంగ్లాదేశ్ 1974లో చేసుకున్న సరిహద్దు ఒప్పందం అమలయ్యింది 2015లో. అప్పటిదాకా పరాయి దేశం మధ్యలో చిక్కుకున్న ఊళ్ల జనం కరెంటు, బడి, పోలీసు సాయం సరిగా లేకుండా బతికారు. అది క్షమించరాని జాప్యం. కానీ ఊళ్లు మార్చుకున్నప్పుడు ఏ దేశ పౌరులుగా ఉండాలో వాళ్లనే అడిగారు. సరిహద్దు తీర్పుల్లో ఈ ప్రశ్నకు చోటు దొరకడం కష్టం.

బలమైన పొరుగుదేశం ముందు చిన్న దేశం చర్చల్లో నలిగిపోతుంది, అప్పుడు కోర్టే దిక్కు అంటారు. నిజమే. కానీ రెండు దేశాల సమ్మతి లేకపోతే కోర్టు కేసే చేపట్టదు. కాబట్టి కోర్టుకు వెళ్లే ముందే, గెలుపు ఎవరిదైనా సరే, అక్కడివాళ్ల పౌరసత్వం, భూమి, చేపల వేట హక్కులు ఎలా ఉండాలో రెండు ప్రభుత్వాలూ రాసుకుని సంతకాలు చేయాలి.